పంటి సలుపు: సోమవారం డాక్టరు దొరికే దాకా ఇంట్లో ఏం చేయొచ్చు?

మీరు అడిగింది ఇదీ: కుడివైపు కింది దవడ పన్ను శనివారం సాయంత్రం నుంచి సలుపుతోంది, పడుకుంటే ఇంకా ఎక్కువవుతోంది, మీ ఊళ్లో డెంటిస్టు సోమవారం గానీ దొరకరు. లవంగ నూనె పెడితే కాసేపు తగ్గి, తర్వాత చిగురు మండింది. మెడికల్ షాపులో చెబితే చిన్న కవర్లో మూడు రకాల మాత్రలు వేసి ఇచ్చారు. అవి వాడాలా, ఇంట్లో ఇంకేం చేయొచ్చు అని. ముఖం వాపు లేదని, జ్వరం లేదని, షుగరు, బీపీ, అల్సరు లాంటివేవీ లేవని కూడా రాశారు. ఆ చివరి మాట రాసి మంచి పని చేశారు. నేను చెప్పబోయేదాంట్లో సగం దాని మీదే ఆధారపడి ఉంది.

నేను కోస్తాలో ఒక చిన్న పట్టణంలో చాలాకాలంగా పళ్ల డాక్టరుగా పనిచేస్తున్నాను. మా దగ్గర సోమవారం ఉదయం ఓపీ అంటే సగం మంది ఇలా శని, ఆదివారాలు నిద్రలేకుండా గడిపి వచ్చినవాళ్లే.

ముందు సూటిగా జవాబు. పన్ను మీద ఏం పెట్టినా వచ్చేది కాసేపటి ఉపశమనం. రాత్రి గడవాలంటే కడుపులోకి వెళ్లే సరైన నొప్పి మాత్ర, సరైన మోతాదులో, గడియారం చూసుకుని వేసుకోవాలి. మీ పరిస్థితిలో ఉన్న పెద్దవాళ్లకు ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ కలిపి తీసుకోవడం బాగా పనిచేస్తుంది. మన దగ్గర కాంబిఫ్లామ్ అంటే ఈ రెండూ కలిసినదే (ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 325). ఏదైనా తిన్నాక ఒకటి, మళ్లీ ఎనిమిది గంటలకు ఒకటి. రోజుకు మూడు దాటకూడదు. దాంతో పాటు తల ఎత్తులో పెట్టుకుని పడుకోవడం, బుగ్గ మీద బయటినుంచి చల్లటి కాపడం, ఉప్పునీళ్లు పుక్కిలించడం. కవర్లో యాంటీబయాటిక్ ఉంటే మొదలుపెట్టకండి. సోమవారం అపాయింట్‌మెంట్ మాత్రం నొప్పి తగ్గినా సరే వదులుకోకండి.

ఇక వివరంగా.

ఎందుకు రాత్రే ఎక్కువ? పన్ను పైకి రాయిలా కనిపిస్తుంది గానీ లోపల మెత్తని కణజాలం ఉంటుంది. అందులో నరాలూ ఉంటాయి, రక్తనాళాలూ ఉంటాయి. మనవాళ్లు మొత్తాన్నీ కలిపి ‘నరం’ అంటారు, నేనూ అలాగే అంటాను. పుచ్చు పెరిగి అక్కడిదాకా చేరితే ఆ నరం వాస్తుంది. వేలికి దెబ్బ తగిలి వాస్తే చర్మం సాగి చోటిస్తుంది. పన్నుకు ఆ అవకాశం లేదు, చుట్టూ గట్టి గోడే. లోపల ఒత్తిడి పెరిగి, గుండె కొట్టుకున్నప్పుడల్లా పోటు తెలుస్తుంది. పడుకుంటే తలవైపు రక్తం పోటు ఇంకొంచెం పెరుగుతుంది, అందుకే సలుపూ పెరుగుతుంది. పగలు పనిలో పడి మరిచిపోవచ్చు, రాత్రి మరిచిపోయే వీలు లేదు, అది వేరే సంగతి.

అందుకే రెండు మూడు దిండ్లు పెట్టుకుని, లేదా వాలుకుర్చీలో, తల గుండె కన్నా బాగా ఎత్తులో ఉండేట్టు పడుకోండి. నొప్పి ఉన్న వైపుకి తిరిగి పడుకోకండి. ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది. కానీ ఉదయం దాకా కూర్చునే కునుకు తీశామని వచ్చినవాళ్లు చాలామంది తెలియకుండానే ఈ పనే చేసి ఉంటారు.

మాత్రల గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ గందరగోళం అక్కడే. పంటి నొప్పి వాపుతో కూడిన నొప్పి. ఐబుప్రొఫెన్ రకం మందులు ఆ వాపు మీద పనిచేస్తాయి. పారాసిటమాల్ వేరే దారిలో పనిచేస్తుంది. అందుకే రెండూ కలిస్తే ఒక్కోదాని కన్నా ఎక్కువ ఫలితం. ఇందులో చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, నొప్పి భరించలేని స్థాయికి వచ్చాక ఒకటి వేసుకోవడం, తగ్గగానే ఆపేయడం, మళ్లీ అర్ధరాత్రి లేచి వెతుక్కోవడం. నొప్పి ముదిరాక మాత్రకు లొంగడం కష్టం, పైగా వేసుకున్నాక పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. కాబట్టి ఈ ఒకటి రెండు రోజులూ వేళకి వేసుకోండి. రాత్రి పదికి నిద్రపోతే తొమ్మిదింటికే భోంచేసి, వెంటనే వేసుకోండి.

ఎనిమిది గంటలు నిలవకపోతే? మధ్యలో పారాసిటమాల్ 650 ఒకటి (డోలో, కాల్‌పాల్ ఏదైనా) వేసుకోవచ్చు. అన్నీ కలిపి రోజుకు పారాసిటమాల్ 3 గ్రాములు దాటకుండా చూసుకోండి. చాలా పుస్తకాల్లో పెద్దవాళ్లకు గరిష్ఠం 4 గ్రాములని ఉంటుంది. ఇంట్లో సొంతంగా వాడేవాళ్లకు నేను మూడు దగ్గరే ఆపమంటాను. రోజూ మద్యం తాగే అలవాటున్నవాళ్లు, లివర్ సమస్య ఉన్నవాళ్లు ఇంకా తగ్గించాలి, డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు.

రెండు ఐబుప్రొఫెన్ జాతి మందులు ఒకేసారి వేసుకోవడం అసలు వద్దు. కాంబిఫ్లామ్, జీరోడాల్, వోవెరాన్, కెటోరాల్... పేర్లు వేరైనా ఇవన్నీ ఒక కుటుంబమే. ‘కాంబిఫ్లామ్‌తో తగ్గలేదని జీరోడాల్ కూడా వేసుకున్నా, ఆర్ఎంపీ గారు సూది కూడా వేశారు’ అని చెప్పేవాళ్లు వారం తిరక్కుండా ఎవరో ఒకరు వస్తారు. పన్ను నొప్పి కాస్తా కడుపులో మంటగా మారి, కొందరికి నల్లటి విరేచనం దాకా వెళుతుంది. నల్లటి విరేచనం అంటే లోపల రక్తం పోతోందని అర్థం, అది వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన విషయం. కెటోరాల్ నీళ్లలో కరిగించి తాగే మాత్ర పంటి నొప్పికి బాగా పేరు పడింది, నిజంగానే బలమైనదే. కానీ అది చీటీ మీద, కొద్ది రోజులకు మాత్రమే వాడాల్సిన మందు. పక్కింటివాళ్ల స్ట్రిప్పులోంచి చింపి తెచ్చుకునేది కాదు.

ఐబుప్రొఫెన్ జాతి మాత్రలు వేసుకోకూడనివాళ్లు: కడుపులో అల్సర్ ఉన్నవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గుండె జబ్బుకో పక్షవాతానికో రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఇలాంటి మాత్రలతో ఆయాసం వచ్చే ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు. వీళ్లకు పారాసిటమాల్ ఒక్కటే, అదీ తమ డాక్టరుకు ఒక మాట చెప్పి. బీపీ మాత్రలు వాడే పెద్ద వయసువాళ్లు కూడా అడిగి వేసుకోవడమే మంచిది. ఇంకోటి మన వాతావరణానికి సంబంధించింది. వానాకాలంలో ఒళ్లు కాలే జ్వరంతో పాటు పన్ను నొప్పి కూడా ఉంటే, డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్ప్రిన్ ముట్టుకోకండి. డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గితే ఈ మందులు రక్తస్రావాన్ని పెంచుతాయి.

ఇక లవంగ నూనె. దీన్ని నేను కొట్టిపారేయను. మా వృత్తిలో తాత్కాలికంగా పన్ను పూడ్చే సిమెంటులో జింక్ ఆక్సైడ్‌తో కలిపేది లవంగాల్లో ఉండే యూజినాలే. పళ్ల ఆస్పత్రిలోకి అడుగుపెట్టగానే వచ్చే ఆ వాసన దానిదే. నరాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది. మీకు చిగురు మండటానికి కారణం నూనెను నేరుగా, ఎక్కువగా పెట్టడం. చిక్కటి లవంగ నూనె చిగురును, నాలుకను, బుగ్గ లోపలి పొరను కాలుస్తుంది. ఒకటి రెండు చుక్కలు తీసుకుని ఒక చెంచా కొబ్బరి నూనెలోనో నువ్వుల నూనెలోనో కలపండి. అగ్గిపుల్ల తలంత దూదిని అందులో ముంచి, పిండి, పుచ్చిన గుంటలోనే పెట్టండి. చిగురుకు తగలకూడదు. ఐదు పది నిమిషాలుంచి తీసేయండి, నీళ్లతో పుక్కిలించండి. రాత్రంతా అలాగే ఉంచి నిద్రపోవద్దు. గుంట లేకుండా, పన్ను పైకి బాగానే కనిపిస్తూ నొప్పి ఉంటే లవంగ నూనె వల్ల పెద్దగా ఉపయోగం లేదు. అది నరం దాకా చేరే దారే లేదు. నూనె లేకపోతే వంటింట్లోని లవంగాన్ని ఆ పన్ను పక్కన పెట్టుకుని మెల్లగా మెత్తబడనివ్వండి, అంతే చాలు. చిన్నపిల్లలకు మాత్రం లవంగ నూనె వద్దేవద్దు. కాస్త మింగినా ప్రమాదమే, లివర్ దెబ్బతినొచ్చు.

మీ చిగురు ఇప్పటికే మండుతోంది కాబట్టి ఈ రోజుకి దాన్ని పూర్తిగా ఆపేయండి. ఉప్పునీళ్లతో రెండు మూడు రోజుల్లో అదే మానుతుంది.

ఉప్పునీళ్లు అంటే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు. అన్నం తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు, నోట్లో అర నిమిషం ఉంచి ఉమ్మేయాలి. నరం నొప్పిని ఇది తగ్గించదు. కానీ ఇరుక్కున్న తిండి పోతుంది, చిగురు వాపు తగ్గుతుంది. చాలాసార్లు అసలు నొప్పి చిగురుదే. రెండు పళ్ల మధ్య మటన్ పీచో, మామిడి పీచో ఇరుక్కుని చిగురు వాచిపోయి, పన్ను పోయినంత నొప్పి పెడుతుంది. ఆదివారం మధ్యాహ్నం భోజనం తర్వాత మొదలయ్యే నొప్పుల్లో ఇలాంటివి బోలెడు. అందుకని మాత్ర కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది: ఆ పన్నుకు రెండువైపులా ఫ్లాస్ దారంతో మెల్లగా శుభ్రం చేసి చూడండి. మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. దొరక్కపోతే మెత్తటి బ్రష్‌తో, గట్టిగా పుక్కిలించి చూడండి. పిన్నీసు, చీపురుపుల్ల, సేఫ్టీపిన్ను మొనతో కెలకడం మాత్రం వద్దు. చిగుట్లో విరిగి ఉండిపోయిన పుల్ల ముక్కల్ని తీసిన సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి.

కాపడం విషయంలో మనవాళ్లు దాదాపు అందరూ తిరగేసి చేస్తారు. నొప్పి అనగానే వేడి. ఇస్త్రీపెట్టె మీద గుడ్డ వేడిచేసి పెట్టడం, వేడి ఉప్పు మూట, అమృతాంజనం రుద్ది పైన కాపడం. వాపుతో ఉన్న పన్నుకు వేడి రక్తప్రవాహాన్ని పెంచుతుంది, లోపల ఒత్తిడి ఇంకా ఎక్కువవుతుంది. చీము పట్టే దశలో ఉంటే వాపు ఇంకాస్త పెరుగుతుంది. మా దగ్గరికి వచ్చిన ఒకాయన, షుగరు ఉన్న మనిషి, శనివారం చిన్న వాపుకి ఆదివారమంతా వేడి కాపడం పెట్టించుకున్నాడు. సోమవారానికి వాపు దవడ కిందికి దిగి, నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరవలేకపోయాడు. మా క్లినిక్‌లో చేసేది కాదని అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపాల్సి వచ్చింది. అంతా వేడి వల్లే అనను, షుగరు కంట్రోల్లో లేకపోవడం అసలు కారణం. కానీ ఆ ఒక్క రోజు వృథా అయిన మాట నిజం.

చల్లటి కాపడం ఇలా: ఫ్రిజ్‌లోని ఐసు ముక్కల్ని, లేదా గట్టిపడిన పాల ప్యాకెట్‌ని, పలచని తువ్వాల్లో చుట్టి బుగ్గ మీద బయటినుంచి పదిహేను నిమిషాలు పెట్టండి. పదిహేను ఇరవై నిమిషాలు ఆపి మళ్లీ పెట్టొచ్చు. ఐసును నేరుగా పన్ను మీద పెట్టకండి. చల్లదనం తగిలితే జివ్వుమనే పన్ను అయితే ప్రాణం పోయినంత పని అవుతుంది.

దీనికి ఒక విచిత్రమైన మినహాయింపు ఉంది. కొందరు చల్లటి నీళ్ల బాటిల్ చేతిలో పట్టుకుని, నిమిషానికోసారి గుక్క నోట్లో పోసుకుంటూ వస్తారు. ‘అమ్మా, నీళ్లు ఉన్నంతసేపే ప్రాణం, మింగితే మళ్లీ మొదలు’ అంటారు. వేడి కాఫీ తగిలితే కుర్చీలోంచి లేచేంత నొప్పి. అది నరం చచ్చిపోయే ఆఖరి దశ. అలాంటివాళ్లు ఈ రెండు రోజులూ చల్లటి నీళ్లు దగ్గర పెట్టుకోవచ్చు, తప్పు లేదు. వేడి పదార్థాలు పూర్తిగా మానేయాలి. వాళ్ల పన్ను చూడకుండానే రూట్ కెనాలో, తీయడమో తప్పదని దాదాపుగా చెప్పేయొచ్చు.

మీది ఏ దశో మీరే కొంత పోల్చుకోవచ్చు. చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమని, నీళ్లు మింగగానే రెండు మూడు సెకన్లలో పోతే నరం ఇంకా కోలుకునే స్థితిలో ఉండొచ్చు, పూడ్చితే సరిపోవచ్చు. ఏమీ తగలకపోయినా తనంతట తానే సలుపు మొదలైతే, చల్లటిది తగిలాక అర నిమిషం దాటి నిలిస్తే, నిద్రలోంచి లేపితే, నరం దెబ్బతిన్నట్టే. మీరు రాసిన దాన్నిబట్టి మీది ఈ రెండోది. ఇక పన్ను కొరికితే నొప్పి, కాస్త పైకి లేచినట్టు, మిగతా పళ్ల కన్నా ముందు తగులుతున్నట్టు ఉంటే వ్యవహారం వేరు కొసకు, ఎముకలోకి వెళ్లింది. చీముకు ముందు మెట్టు అది. ఏ పన్నో కచ్చితంగా చెప్పలేకపోతున్నా కంగారు పడకండి. కింది పన్ను నొప్పి పైదవడకు, చెవికి, కణతకు పాకుతుంది. కుడివైపు నొప్పి ఎడమవైపుకు మాత్రం పాకదు. చెవి నొప్పని చెవి డాక్టరు దగ్గరికి వెళ్లి, అక్కణ్నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్లు తక్కువేం కాదు.

ఇప్పుడు ఆ కవరు సంగతి. మామూలుగా అలా ‘సెట్టు’గా ఇచ్చేది ఒక నొప్పి మాత్ర, ఒక గ్యాస్ మాత్ర, ఒక యాంటీబయాటిక్. ఒఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ అయినా కావచ్చు, అమాక్సిసిలిన్ అయినా కావచ్చు. స్ట్రిప్పు లేకుండా విడిగా కవర్లో వేసిన మాత్ర పేరు మీకూ తెలియదు, నాకూ తెలియదు. పేరు తెలియని మాత్ర వేసుకోకండి. షాపుకు వెళ్లి పేర్లు రాయించుకోండి. నొప్పి మాత్ర కాంబిఫ్లామ్‌తో సమానమైనదైతే అదే వాడుకోండి, రెండూ వద్దు.

యాంటీబయాటిక్ ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి, ఎందుకంటే దీని మీద నాతో వాదించేవాళ్లు చాలామంది. ‘పోయినసారి వేసుకుంటే తగ్గిందమ్మా’ అంటారు. తగ్గింది, కానీ దాని పక్కనే వేసుకున్న నొప్పి మాత్ర వల్ల. లేదా నరం చచ్చిపోయి. వాచిన నరానికి రక్తప్రసరణే సరిగా ఉండదు, మందు అక్కడికి చేరేది చాలా తక్కువ. చేరినా అది వాపు నొప్పిని తగ్గించే మందు కాదు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇలాంటి నరం నొప్పికి యాంటీబయాటిక్ వద్దనే చెబుతాయి. ముఖం వాపు, జ్వరం, నీరసంతో ఇన్ఫెక్షన్ పాకుతున్నప్పుడు అవి నిజంగా కావాలి. అప్పుడు మేమే రాస్తాం, పూర్తి మోతాదులో. రెండు రోజులు వేసుకుని ఆపేసే అలవాటు వల్ల నిజంగా అవసరమైన రోజున అవి పనిచేయకుండా పోతాయి. మెట్రోనిడజోల్ (ఫ్లాజిల్) అనే యాంటీబయాటిక్ వేసుకుని మద్యం తాగితే వాంతులు, గుండెదడ రావచ్చని కూడా తెలిసి ఉండాలి.

కవర్లో చిన్న తెల్ల మాత్ర ఏదైనా ఉంటే అది బెట్నెసాల్ లాంటి స్టెరాయిడ్ కాదని ప్రత్యేకంగా అడగండి. కొన్ని చోట్ల వాపు త్వరగా దిగుతుందని దాన్ని కలిపేస్తారు. పైకి వాపు దిగినట్టు కనిపిస్తూ లోపల ఇన్ఫెక్షన్ సాగిపోతూ ఉంటుంది, షుగరు ఉన్నవాళ్లకు షుగరు ఎగబాకుతుంది.

పన్ను మీద పెట్టకూడనివి కొన్ని. డిస్ప్రిన్ (ఆస్ప్రిన్) మాత్రను పన్ను పక్కన చిగురు మీద పెట్టుకోవడం ఇప్పటికీ ఉంది. ఆ మాత్ర మింగితే పనిచేస్తుంది, చిగురు మీద పెడితే యాసిడ్‌లా కాలుస్తుంది. చిగురు తెల్లగా ఊడివస్తుంది. జిల్లేడు పాలు అంతకన్నా ఘోరం. ఒకామె పెదవి, బుగ్గ లోపలంతా పుండై వచ్చింది, పన్ను నొప్పి అలాగే ఉంది. జండూబామ్, అమృతాంజనం బుగ్గ బయట కాస్త రాసుకుంటే చర్మం మీది చల్లదనానికి మనసు మళ్లుతుంది, నష్టం లేదు. నోట్లో వద్దు. పచ్చి వెల్లుల్లి నూరి గంటలకొద్దీ ఉంచితే చిగురు పొక్కుతుంది. బ్రాందీ పుక్కిలిస్తే మొద్దుబారేది కొద్ది నిమిషాలే. అది మింగి పైన మాత్రలు వేసుకుంటే కడుపుకీ లివర్‌కీ దెబ్బ. పుగాకు నలిపి గుంటలో కుక్కడం గోదావరి, శ్రీకాకుళం వైపు పెద్దవాళ్లలో ఇంకా చూస్తాను. మా అత్తగారి తరం ఆడవాళ్లు ఎంతోమందికి నశ్యంతో పళ్లు తోముకునే అలవాటు మొదలైంది పంటి నొప్పితోనేనట. నొప్పి పోయాక కూడా అలవాటు పోదు, అదీ దాని ప్రమాదం.

వాకుడు గింజల పొగ పట్టించి పంటి పురుగులు రాల్చేవాళ్ల గురించి కూడా అడుగుతుంటారు. పంట్లో పురుగు ఉండదు. పుచ్చు చేసేది కంటికి కనపడని బ్యాక్టీరియా, అవి చక్కెరను ఆమ్లంగా మార్చి పన్నును కరిగిస్తాయి. పళ్లెంలో నీళ్ల మీద తేలుతూ చూపించే తెల్లటివి మీ నోట్లోంచి వచ్చినవి కావు.

ఈ రెండు రోజులూ తిండి మెత్తగా, గోరువెచ్చగా, రెండో వైపు నుంచి. పెరుగన్నం, ఇడ్లీ, జావ. తీపి, ఆవకాయ కారం, చల్లటి కూల్‌డ్రింకులు, చెక్కలు, జంతికలు పక్కన పెట్టండి. బ్రష్ చేయడం మానకండి, నొప్పిగా ఉన్న చోట మెల్లగా చేయండి. సిగరెట్, గుట్కా ఆపగలిగితే ఆపండి.

జ్ఞానదంతం నొప్పి దాదాపు పద్ధెనిమిది నుంచి పాతికేళ్ల మధ్యవాళ్లకు వస్తుంది. పన్ను సగం బయటికి వచ్చి, పైన చిగురు మూతలా కప్పి ఉంటుంది, దాని కింద తిండి చేరి వాస్తుంది. దీనికి పైన చెప్పినవాటిల్లో ఉప్పునీళ్లే ఎక్కువ పనిచేస్తాయి. క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం మౌత్‌వాష్‌తో రోజుకు రెండుసార్లు కొద్ది రోజులు పుక్కిలించడం కూడా మేలు. ఇటీవలే పన్ను తీయించుకుని, రెండు నుంచి నాలుగు రోజులకు కొత్తగా విపరీతమైన నొప్పి మొదలైతే మాత్రం గట్టిగా పుక్కిలించకండి. గుంటలో రక్తం గడ్డ ఊడిపోయి ఎముక బయటపడి ఉంటుంది, తీసిన డాక్టరుకే ఫోన్ చేయండి.

పిల్లలకు పారాసిటమాల్ సిరప్ ఒక్కటే, బరువును బట్టి. కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్క, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుసార్లు మించకుండా. 16 కిలోల పిల్లకి 240 మిల్లీగ్రాములు, అంటే 5 మిల్లీలీటర్లలో 250 ఉండే సిరప్ అయితే దాదాపు 5 ఎంఎల్. సీసా మీద ఎంత బలమో చదివే పోయండి, 125వి కూడా ఉంటాయి. ఆస్ప్రిన్ పదహారేళ్ల లోపువాళ్లకు ఇవ్వకూడదు. నోట్లో రాసే మొద్దుబారే జెల్లులు రెండేళ్ల లోపు పిల్లలకు అస్సలు వద్దు, ముఖ్యంగా బెంజోకైన్ ఉన్నవి. పాలపళ్లే కదా ఊడిపోతాయిలే అని వదిలేయకండి, ఆ చీము కింద వచ్చే అసలు పన్నును పాడుచేస్తుంది.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట. అమెరికాలో అడ్విల్ మాత్ర 200 మిల్లీగ్రాములే, ఇక్కడి 400కి సమానం కావాలంటే రెండు. టైలెనాల్ అంటే మన పారాసిటమాలే, రెండు వేర్వేరు మందులనుకుని డోలోతో కలిపి వేసుకోకండి. అక్కడ ఆస్పత్రి ఎమర్జెన్సీలో చాలావరకు మందులు రాసి పంపుతారే తప్ప పన్నుకు చికిత్స చేయరు, కాబట్టి అత్యవసరంగా చూసే డెంటిస్టు ఎవరో ముందే వెతికిపెట్టుకోండి. ఇంగ్లండ్‌లో అయితే 111కి ఫోన్ చేస్తే చెబుతారు.

ఇక సోమవారం దాకా ఆగకూడని సందర్భాలు. వాపు కంటి దాకా పాకుతోంది, లేదా దవడ కిందికి, మెడలోకి దిగుతోంది. నోరు తెరుచుకోవడం లేదు. మింగలేక చొంగ కారుతోంది. నాలుక పైకి లేచినట్టుంది, మాట ముద్దగా వస్తోంది, ఊపిరి ఇబ్బందిగా ఉంది. చలితో జ్వరం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అర్ధరాత్రైనా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి, డెంటిస్టు కోసం వెతక్కండి. దవడ కింద రెండువైపులా పాకే ఇన్ఫెక్షన్ ఊపిరి దారిని మూసేస్తుంది, కొన్ని గంటల్లోనే. షుగరు ఉన్నవాళ్లు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు చిన్న వాపుకే ఇంత జాగ్రత్త పడాలి.

అలాగే నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో కింది దవడంతా లాగి, ఆగితే తగ్గుతుంటే, చెమట, ఛాతీలో బిగువు, ఆయాసం ఉంటే అది పన్ను కాకపోవచ్చు, గుండె కావచ్చు. ఒక పెద్దాయన ఎడమ దవడ పన్ను తీసేయమని వచ్చి కూర్చున్నాడు. తట్టి చూస్తే ఒక్క పన్నూ నొప్పి లేదు, చొక్కా మాత్రం తడిసిపోయి ఉంది. ఈసీజీ తీయించమని నేరుగా పంపించాం. జలుబు చేసి, పైదవడలో నాలుగైదు పళ్లు కలిపి నొప్పిగా, తల ముందుకు వంచితే బరువుగా ఉంటే అది సైనస్. ముఖం మీద గాలి తగిలినా కరెంటు షాక్‌లా కొట్టి సెకన్లలో పోయేది నరాల జబ్బు, దానికి పన్ను తీసినా తగ్గదు.

మీకు ఆదివారం రాత్రికి నొప్పి ఉన్నట్టుండి పూర్తిగా పోవచ్చు. అప్పుడే ఎక్కువమంది అపాయింట్‌మెంట్ రద్దు చేసుకుంటారు. నరం చచ్చిపోతే నొప్పి పోతుంది, ఇన్ఫెక్షన్ పోదు. అది వేరు కొస నుంచి ఎముకలోకి మెల్లగా దారి చేసుకుంటుంది. అలా మానేసినవాళ్లు కొన్ని నెలల తర్వాత, పెళ్లి ముందు రోజో పరీక్షల ముందో ముఖం వాచి వస్తారు. రూట్ కెనాల్‌తో నిలబడే పన్ను కాస్తా అప్పటికి తీయక తప్పని స్థితికి చేరి ఉంటుంది.

సోమవారం వెళ్లేటప్పుడు తేలిగ్గా టిఫిన్ తిని వెళ్లండి, ఖాళీ కడుపుతో మత్తు ఇంజెక్షన్ వేయించుకుంటే కళ్లు తిరుగుతాయి. వేసుకున్న మాత్రల స్ట్రిప్పులు, చివరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో రాసుకుని తీసుకెళ్లండి. ఏ మందుకైనా ఎలర్జీ ఉంటే అది ముందు చెప్పండి. నొప్పి తెలియాలని ఉదయం మాత్ర మానేయక్కర్లేదు, ఎక్స్‌రేలో చాలావరకు తెలుస్తుంది. ఖర్చు ఇబ్బంది అయితే హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి. చాలా ఏరియా ఆస్పత్రుల్లోనూ డెంటల్ సర్జన్ ఉంటారు. ఓపీ చీటీకి ఉదయమే వెళ్లాలి. కవర్లో మాత్రల పేర్లు తెలిస్తే ఇక్కడే రాయండి, ఏది ఉంచుకోవాలో, ఏది తీసేయాలో చెబుతాను.